కరువు కాలువ గట్టున ఆనందం: ఒంగోలు ప్రాంత మాదిగ క్రైస్తవుల అనుభవం (1866–1878)

తెలుగునాట క్రైస్తవ చరిత్ర రాసినవారెవరూ 1878 జూలై 3వ తేదీని విస్మరించలేదు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి వద్ద ఆ ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందురోజు 614 మంది, మరుసటి రోజు 700 మంది పొందారు. మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది. వీరిలో అత్యధికులు మాదిగలు. అప్పటికి రెండేళ్లుగా ధాత కరువు ఆ ప్రాంతాన్ని పీల్చి పిప్పిచేసింది. మిషనరీ సాహిత్యం ఈ సంఘటనను గొప్ప ఆనందోత్సవంగా వర్ణించింది. విమర్శకులు మాత్రం దీన్ని ఆకలి చేయించిన మతాంతరీకరణగా చూశారు. ఒక వర్ణనలో ఆనందమే ఉంది, ఆకలి లేదు. మరొక వర్ణనలో ఆకలే ఉంది, ఆనందానికి చోటు లేదు. గుండ్లకమ్మలో దిగిన మనుషుల జీవితంలో ఈ రెండూ ఒకేసారి ఎలా ఉండగలిగాయన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

కష్టంలో ఆనందం అనే భావన క్రైస్తవానికి కొత్తది కాదు. పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన లేఖ నాలుగు అధ్యాయాల చిన్న లేఖ. బంధకాల్లో ఉండి రాసిన ఆ లేఖలో ఆనందమన్న మాట పదేపదే వస్తుంది. యాకోబు పత్రిక శోధనల్లో పడటాన్నే ఆనంద హేతువుగా ఎంచుకొమ్మంటుంది. అయితే ఇటువంటి బోధ కడుపు నిండినవాడి నోటి నుంచి వెలువడినప్పుడు ఒక అర్థాన్నీ, కడుపు కాలేవాడి నోటి నుంచి వెలువడినప్పుడు మరొక అర్థాన్నీ ఇస్తుంది. ఊరి అన్యాయాన్ని ఓర్చుకొమ్మని చెప్పే మత్తుమందుగా ఈ ఆనందం పనిచేసిందా, లేక ఆ అన్యాయానికి ఎదురు నిలవగల సత్తువనిచ్చిందా? ఒంగోలు చరిత్ర ఈ ప్రశ్నకు ఒక పాక్షిక సమాధానాన్ని ఇస్తుంది. పాక్షికమనడానికి కారణం ఆధారాల స్వభావంలోనే ఉంది.

ఆధారాలు, వాటి పరిమితులు

ఈ చరిత్రకు ప్రధాన ఆధారాలు రెండు ఆంగ్ల గ్రంథాలు. మొదటిది ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’. చెప్పులు కుట్టుకుంటూ మాదిగలు చెప్పుకున్న కథలన్న ధ్వని ఆ పేరులోనే ఉంది. రెండవది ఆమె భర్త జాన్ ఎవరెట్ క్లౌ స్వీయచరిత్ర ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’. క్లౌ 1910లో మరణించగా, ఆయన చెప్పినదాన్ని ఎమ్మా గ్రంథస్థం చేసిన ఈ పుస్తకం 1914లో వెలువడింది. మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ పై, స్త్రీల హక్కులపై 1898లో పరిశోధన గ్రంథం ప్రచురించిన విదుషి ఎమ్మా. మరుసటి ఏడాదే ఆమె మాదిగల కథలను అచ్చువేయించింది. మాదిగల పూర్వమత జీవితాన్ని అంధవిశ్వాసంగా కొట్టిపారేయకుండా, దానికి అధ్యాయాలకు అధ్యాయాలే కేటాయించడంలో ఆమె విద్యానేపథ్యం కనిపిస్తుంది. పోతులూరి వీరబ్రహ్మం గురించీ, నాసరయ్య అనుయాయుల గురించీ ఆ పుస్తకంలో ఉన్న సమాచారం ఈనాటికీ పరిశోధకులకు విలువైనదే.

అయినా ఇవి మిషనరీ కుటుంబం రాసిన పుస్తకాలు. అమెరికాలోని సంఘాలు చందాలిస్తేనే మిషను నడుస్తుంది. క్రైస్తవులైనవారు సంతోషంగా ఉన్నారని చెప్పడం ఆ చందాదారులకు ఇవ్వవలసిన లెక్కలో ఒక భాగం. కాబట్టి ముఖాలు వెలిగిపోయాయని రాసిన ప్రతి వాక్యాన్నీ సాక్ష్యంగా స్వీకరించడం కుదరదు. మాదిగలు స్వయంగా రాసుకున్న దినచర్యలు గానీ ఉత్తరాలు గానీ ఆ తొలి దశాబ్దం నుంచి పరిశోధకులకు దొరికేవి దాదాపు లేవు. ఇటువంటి స్థితిలో మాటల కంటే చేతలే నమ్మదగిన ఆధారాలు. తమకు నష్టం కలిగించే పని ఏదైనా వారు కావాలని చేశారా, చేసి దానికే కట్టుబడి నిలిచారా అన్నది చూడాలి. నష్టపోతూ కూడా వదులుకోని దానిలో వారికి విలువైనదేదో ఉండి ఉండాలి.

పేరయ్య: యోగానందం నుంచి సంఘానందానికి

ఒంగోలు మిషను పుట్టుక గురించి విస్తరించి చెప్పవలసిన అవసరం ఇక్కడ లేదు. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. దశాబ్దాల పాటు ఫలితం కనపడకపోవడంతో అమెరికాలోని బాప్టిస్టు పెద్దలు ఆ మిషనును మూసివేయాలని ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. 1854 నూతన సంవత్సరం నాటి తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండపై చేసిన ప్రార్థన తరువాతి కాలంలో ఐతిహ్యంగా మారింది. క్లౌ 1865లో నెల్లూరు చేరాడు. మరుసటి ఏడాది ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మందే.

అసలు కదలిక తెచ్చినవాడు క్లౌ కాదు, యెర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమట ఉన్న తాళ్ళకొండపాడు ఆయన ఊరు. తోళ్ళ వ్యాపారం ఆయన వృత్తి. వ్యాపారం కోసం ఉత్తరాన గోదావరి ప్రాంతాల దాకా తిరిగేవాడు. అక్కడి మిషనరీల నుంచే కొత్త మతం గురించి తొలిసారి విన్నాడు. 1866లో జూయెట్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. అప్పటికే ఆయన రాజయోగ సాధకుడు. గురువు వద్ద ఉపదేశం పొంది, ధ్యానం చేస్తూ, తనవారిలో తానూ గురుస్థానం సంపాదించుకున్నవాడు. అంటే ఆయన శూన్యంలో నుంచి క్రైస్తవంలోకి రాలేదు. అంతర్ముఖమైన ఆనందం, దేహాన్ని మరచిపోయే స్థితి, గురువు పట్ల భక్తి ఆయనకు ముందే తెలుసు. వీరబ్రహ్మం పరంపరలోనూ, అచల మార్గంలోనూ కులభేదాన్ని ప్రశ్నించే ధోరణి ఉంది. అట్టడుగు కులాల వారికి ఆ మార్గాలు తలుపులు తెరిచాయి కూడా.

మరి పేరయ్యకు కొత్తగా దొరికినదేమిటి? యోగమార్గం వ్యక్తికి ఆనందాన్నిచ్చింది. కానీ తెల్లవారి లేచాక పల్లె పల్లెగానే ఉంది. మాదిగవాడలోని ఆడవారు, పిల్లలు, చెప్పులు కుట్టే ముసలివారు ఆ ఆనందానికి బయటే మిగిలిపోయారు. పేరయ్య బాప్తిస్మం పొంది వెళ్ళాక చేసిన మొదటి పని చుట్టుపక్కల పల్లెల్లోని బంధువులను పోగుచేయడం. 1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి, కొన్ని రోజులు ఉండిపోవడానికి సిద్ధపడి వచ్చినవారు అక్కడ ఎదురుచూస్తున్నారు. ఆ పర్యటనలో 28 మంది బాప్తిస్మం పొందారు. బంధుత్వం, వియ్యం, తోళ్ళ వర్తకం నడిచే దారుల్లోనే విశ్వాసం కూడా నడిచింది. ఆనందం ఏకాంతంలో అనుభవించేది కాక, నలుగురు కూడి పంచుకునేది అయింది. ఈ మార్పు గుర్తించకపోతే తరువాత జరిగిన దానిలో ఏదీ అర్థం కాదు.

మాదిగలను చేర్చుకోవడం మిషనుకు కూడా నష్టం తెచ్చింది. ఒంగోలులో క్లౌ దంపతుల దగ్గర చదువుకోవడానికి వస్తున్న పైకులాల పిల్లలు మానివేశారు. పట్టణ పెద్దలను కూడగట్టుకుని పైనుంచి కిందికి పనిచేయాలన్న ఆశ ఉంటే అది అక్కడితో సరి.

మూడు నియమాలు, వాటి ధర

కొత్తగా చేరేవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయరాదు. చచ్చిన పశువు మాంసం తినరాదు. విగ్రహాలను పూజించరాదు. వినడానికి ఇవి సాధారణమైన మత నియమాలు. ఆనాటి పల్లె ఆర్థిక వ్యవస్థలో పెట్టి చూస్తే ఒక్కొక్కటీ ఒక్కొక్క తిరుగుబాటు.

మాదిగలు ఊరికి చెప్పులు, పగ్గాలు, కపిల తోలడానికి కావలసిన తోలు తొండాలు కుట్టి ఇవ్వాలి. బదులుగా పంట సమయంలో కళ్ళం దగ్గర మేర పుచ్చుకోవాలి. చచ్చిన పశువును లాగివేయడం వారి బాధ్యత. దాని తోలు, మాంసం వారి హక్కు. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టడం వారి విధి. వీటన్నిటి మీదా వెట్టి ఉండనే ఉంది. ఈ అల్లికలో ఏ ఒక్క పోగు లాగినా బట్ట మొత్తం ముడుచుకుపోతుంది. ఆదివారం పనికి రామంటే కోతల కాలంలో రైతుకు నష్టం. అంతకంటే ముఖ్యంగా, ఏ రోజు పని చేయాలో మాదిగ నిర్ణయించుకోవడం ఊరి పెత్తనానికే సవాలు. డప్పు కొట్టమంటే జాతర ఆగిపోతుంది. దేవత ఆగ్రహిస్తే దోషమెవరిదన్న ప్రశ్న పుడుతుంది.

ఊరు ఊరుకోలేదు. క్లౌ స్వీయచరిత్ర ఈ ప్రతీకారాన్ని వివరంగా నమోదు చేసింది. చాకలి బట్టలు ఉతకకూడదు, కుమ్మరి కుండలు అమ్మకూడదు అని కట్టడి చేశారు. పశువులను ఊరి బీడుల్లో మేయనివ్వలేదు. చెప్పులు, తోలుపనులు వేరేచోట చేయించుకున్నారు. కోతకు పిలవక, మేర దక్కకుండా చేశారు. సాంఘిక బహిష్కరణ అంటే ఏమిటో తెలిసిన పాఠకులకు ఈ పట్టికలో కొత్తదనమేమీ కనపడదు. కారంచేడు, చుండూరుల తరువాత బహిష్కరణకు గురైన వాడలలో వినిపించిన ఫిర్యాదులు కూడా ఇంచుమించు ఇవే.

ఇంత ధర చెల్లించి వారు కొనుక్కున్నదేమిటి? ఇక్కడే ఆనందమన్న మాటకు చారిత్రకమైన అర్థం ఏర్పడుతుంది. ఏడు రోజుల్లో ఒకరోజు తమది కావడం తరతరాలుగా ఆ వాడకు తెలియని అనుభవం. ఆ రోజున ఉతికిన బట్ట కట్టుకుని, పిల్లలతో కూర్చుని, పాట పాడి, ఒకరి మాట ఒకరు వినడం ఒక విశ్రాంతి. అది పరలోకంలో దొరకబోయే విశ్రాంతి కాదు, ఆ వారంలోనే దొరికినది. చచ్చిన పశువు మాంసం మానడం పేదరికంలో ఉన్నవారికి తిండిలో లోటే. కానీ ఆ మాంసం తింటారన్న కారణంతోనే వారిని హీనంగా చూసే సమాజంలో దాన్ని మానడం ఆత్మగౌరవ ప్రకటన. సుమారు ఆరు దశాబ్దాల తరువాత, 1927లో మహాడ్‌లో అంబేడ్కర్ తన ప్రజలకు చెప్పిన మాటల్లో చచ్చిన పశువు మాంసం మానమన్నది ఒకటి. రెండు ఉద్యమాలకూ నేరుగా సంబంధం లేదు. దేహం మీద పడిన ముద్రను చెరుపుకోవాలన్న తపన మాత్రం రెండింటిలోనూ ఒకటే. సామూహిక మతాంతరీకరణల వెనుక గౌరవం కోసం అన్వేషణ ఉందని డంకన్ ఫారెస్టర్ 1980లో చేసిన వాదానికి ఒంగోలు బలమైన నిదర్శనం.

ఇందులో ఒక నష్టం గురించి మిషనరీ గ్రంథాలు పెద్దగా బాధపడలేదు. డప్పు జాతరకు చాకిరీ మాత్రమే కాదు, మాదిగల కళ కూడా. పుట్టుకకూ చావుకూ పెళ్ళికీ వారి సంతోషాన్నీ దుఃఖాన్నీ పలికించిన వాద్యం అది. గ్రామదేవత ముందు దాన్ని కొట్టనన్నవాడు ఒక బానిసత్వాన్ని విడిచాడు, దానితోపాటు తన తాతల నాటి ఆనంద సాధనాన్ని కూడా పక్కన పెట్టాడు. ఆ ఖాళీని కీర్తన పూరించింది. శ్రీకాకుళం, గంజాం ప్రాంతాల్లో సేవచేసిన పురుషోత్తమ చౌధురి (1803–1890) 1833లో క్రైస్తవుడై, రాగతాళ బద్ధమైన తెలుగు కీర్తనలు రచించాడు. తెలుగు క్రైస్తవ శాఖలు ఉమ్మడిగా వాడుకునే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంకలనంలో ఈనాటికీ ప్రతి పాటకూ రాగం, తాళం పేర్కొనే సంప్రదాయం ఉంది. బ్రాహ్మణ పండితుడు కట్టిన కీర్తన మాదిగ నోట పలకడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు. శాస్త్రీయ రాగం మాదిగవాడలోకి రావడం ఎంత విశేషమో, మాదిగవాడలోని లయ ఆరాధనలోకి రాకపోవడం కూడా అంతే గమనించదగిన సంగతి.

కాలువ తవ్వకం

1876లో వానలు ముఖం చాటేశాయి. ఆ సంవత్సరం ధాతృనామ సంవత్సరం కావడం చేత జనం దాన్ని ధాత కరువన్నారు. 1878 దాకా సాగిన ఆ కరువు దక్షిణ భారతంలో లక్షల ప్రాణాలను బలితీసుకుంది. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. 1877లో కరువు పరిశీలనకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించే ఉద్దేశంతో, సహాయ పనుల్లో మగవాడి రోజుకూలిని ఒక పౌను ధాన్యానికి, ఒక అణాకు కుదించాడు. అంటే సుమారు 450 గ్రాముల తిండిగింజలు. మట్టి పని చేసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ గట్టిగా వ్యతిరేకించాడు. ఆ వివాదం ప్రభుత్వ కాగితాల్లో నడుస్తుండగా మనుషులు దారుల వెంట రాలిపోతూనే ఉన్నారు.

పెదగంజాం నుంచి మద్రాసు వరకు సాగే బకింగ్‌హామ్ కాలువ పనిని ప్రభుత్వం కరువు పనిగా చేపట్టింది. గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరే దానికి పెట్టారు. అందులో మూడున్నర మైళ్ళ భాగాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు అమెరికాలో ఆయన సర్వేయరు. భూమి కొలవడం, మట్టి లెక్క కట్టడం ఆయనకు తెలిసిన పని. కాలువ దగ్గర పాకలు వేయించి, బావులు తవ్వించి, తన బోధకులను మేస్త్రీలుగా పెట్టి, ఒక్కొక్కరికి ఒక్కొక్క గుంపును అప్పగించాడు. మాదిగలే కాక ఇతర కులాల వారూ ఆ పనికి వచ్చారు. మగవారు పారలతో తవ్వితే, ఆడవారు తట్టలతో మన్ను మోసి గట్టు మీద పోశారు. కలరా కూడా ఆ శిబిరాన్ని వదలలేదు.

మిగతా కరువు శిబిరాలకూ దీనికీ తేడా ఏమిటన్నది ముఖ్యం. సాధారణ శిబిరంలో మేస్త్రీకి కూలివాడు ఒక లెక్క. హాజరు, కొలత, కోత తప్ప ఇద్దరి మధ్య ఇంకే సంబంధమూ లేదు. ఇక్కడ మేస్త్రీలుగా ఉన్నవారు ఎక్కువ మంది మాదిగవాడల నుంచే ఎదిగిన బోధకులు. కూలివాడి ఊరు, వాడ, బంధువులు వారికి తెలుసు. సేద తీరే వేళ గుంపు గుంపుగా కూర్చున్నప్పుడు వారు మాట్లాడేవారు, పాడేవారు. ఆ రోజుల్లో జనం మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్న వాక్యం మత్తయి సువార్తలో క్రీస్తు ప్రయాసపడేవారిని, బరువు మోసేవారిని తన దగ్గరికి పిలిచి, విశ్రాంతి ఇస్తానన్న మాట అని క్లౌ గుర్తు చేసుకున్నాడు. తల మీద తట్ట మోస్తున్న మనిషికి బరువన్న మాట అలంకారం కాదు. వేదాంత వ్యాఖ్యానాలు ఆ మాటను పాపభారంగా విడమరుస్తాయి. కాలువ గట్టు మీద అది మట్టి బరువే. ఆ బరువును దేవుడు చూశాడన్న నమ్మకమే వారికి కలిగిన ఊరట. విశ్రాంతి అన్న పదాన్ని ఆదివారం ద్వారా ముందే రుచి చూసిన క్రైస్తవుల నోటి నుంచి ఇతరులు దాన్ని విన్నారన్నది కూడా మరువరాదు.

చనిపోయినవారిని పూడ్చుకుంటూ, బతికున్నవారికి గంజి కాస్తూ, రేపటి మట్టి కొలత గురించి ఆందోళన పడుతూ ఉన్న చోట ఆనందమన్న పదం వాడటానికే సంకోచం కలుగుతుంది. అక్కడ ఉన్నది ఉల్లాసం కాదు. తన చావు ఎవరికీ పట్టని చావు కాబోదన్న ధీమా అది. కరువు మనిషికి తిండిని దూరం చేయడంతో ఆగదు, బంధుత్వాలను తెంచుతుంది. తల్లి బిడ్డను వదిలి వెళ్ళిన ఉదంతాలు ఆ కరువు వృత్తాంతాల్లో ఉన్నాయి. అటువంటి కాలంలో ఒక గుంపు గుంపుగానే నిలబడగలిగితే, ఆ నిలకడలోనే ఒక సంతోషం ఉంటుంది.

బొబ్బలెక్కిన చేతులు

అన్నం కోసమే మతం మారారన్న విమర్శను పరీక్షించడానికి కావలసిన ఆధారం ఈ ఘట్టంలో ఉంది. కరువు సహాయం నడిచిన పదిహేను నెలల పాటు క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవారు వందల్లో ఉన్నా ఆగమన్నాడు. కూలి ఇచ్చే చేతితో బాప్తిస్మం ఇవ్వరాదన్న స్పృహ ఆయనకు ఉంది. 1878 మధ్యలో, ఇక తన వద్ద ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పి పంపించడానికి వెల్లంపల్లికి జనాన్ని పిలిపించాడు. వేలమంది వచ్చారు. సహాయం ముగిసిందని విన్న తరువాత కూడా వెనుదిరగలేదు.

వారు ఇచ్చిన జవాబును క్లౌ నమోదు చేశాడు. తమకు డబ్బు అక్కరలేదనీ, పనిచేసి బతికామనడానికి చేతుల మీది బొబ్బలే సాక్ష్యమనీ, రాబోయే పంట కూడా పోతే చనిపోతామనీ, చనిపోయేటట్లయితే క్రైస్తవులుగా చనిపోవాలని ఉందనీ ఆ జవాబు సారాంశం. ఇది మిషనరీ కలం నుంచి వచ్చిన మాటే కనుక వాక్యంలోని మెరుగు ఎంతవరకు ఆయనదో తేల్చడం సాధ్యం కాదు. కానీ ఆ జవాబులోని తర్కం అమెరికా చందాదారుల కోసం అల్లినదిగా కనపడదు. అందులో పంట పండుతుందన్న హామీ లేదు, దేవుడు కరువు తీరుస్తాడన్న ఆశ లేదు. మంచి రోజులు వస్తాయని నమ్మి చేరినవారి మాట కాదిది. రాకపోవచ్చునని తెలిసీ చేరినవారి మాట. శ్రమను వారు దయకు వ్యతిరేకంగా నిలబెట్టారు. తమ చేతులు చూపించి, తాము భిక్షగాళ్ళం కామన్నారు. తరతరాలుగా హీనమన్న ముద్ర మోసిన ఆ చేతులే ఇప్పుడు వారి యోగ్యతాపత్రం అయ్యాయి.

జూలై 3న నదిలో దిగి బాప్తిస్మం ఇచ్చినవాడు క్లౌ కాదు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని ఆ పని చేశారు. ముందుగా పరీక్షించి, పేర్లు రాసుకుని, ఒక్కొక్కరినీ నీటిలోకి పిలిచారు. మిషనరీ సాహిత్యం ఈ సంఖ్యను పెంతెకోస్తు నాటి మూడు వేలతో పోల్చి మురిసిపోయింది. ఆ మురిపెంలో సంఖ్య ముందుకు వచ్చి మనిషి వెనక్కి పోయాడు. పిలిచేటప్పుడు ఒరే, ఒసే తప్ప మరో మాట ఎరగని పల్లెల నుంచి వచ్చినవారిని, నిండు జనంలో పేరు పెట్టి పిలిచి, తమలాంటి కులం నుంచే వచ్చిన మనిషి చేయి పట్టుకుని నీటిలోకి నడిపించాడు. ఊరి చెరువునూ బావినీ ముట్టుకోరాదన్న కట్టుబాటులో పెరిగినవారికి గుండ్లకమ్మ నీరు నిలువెల్లా తగిలింది. వెల్లంపల్లి ఆనందాన్ని అర్థం చేసుకోవడానికి మూడు వేల అంకె కంటే ఈ రెండు విషయాలే ఎక్కువ ఉపకరిస్తాయి.

ఆ ఏడాది ముగిసేసరికి కొత్తగా చేరినవారి సంఖ్య తొమ్మిది వేలు దాటింది. అంతమందిని చేర్చుకోవడం ఎంత సులువో, నిలుపుకోవడం అంత కష్టం. వానలు కురిశాక జనం తమ తమ పల్లెలకు తిరిగి వెళ్ళారు. అక్కడ అవే బావులు, అవే కళ్ళాలు, అదే వెట్టి. మూడు నెలలకొకసారి ఒంగోలులో జరిగే కూడికకు బోధకులు నడిచి వచ్చి, తమ పల్లెల్లో ఎవరిని కొట్టారో, ఎవరి గుడిసె కూల్చారో, ఎక్కడ పాఠశాల మొదలైందో చెప్పుకునేవారు. కష్టాన్ని చెప్పుకోవడం, పాట పాడటం ఆ కూడికల్లో పక్కపక్కనే నడిచాయి. స్త్రీల పాత్ర ఈ నివేదికల్లో తక్కువగా కనిపిస్తుంది. బైబిలు స్త్రీలుగా ఊరూరా తిరిగినవారి చరిత్రను జేమ్స్ తానేటి 2013లో వెలువరించిన గ్రంథం వెలికి తీసేవరకు తెలుగు క్రైస్తవ చరిత్ర దాదాపు పురుషుల చరిత్రగానే సాగింది. తట్ట మోసినవారిలో స్త్రీలు ఉన్నారు. నీటిలో దిగినవారిలోనూ ఉన్నారు. వారి సంతోషం పురుషుల సంతోషం లాంటిదేనా అన్న ప్రశ్నను ఈ ఆధారాలతో ముగించలేము.

వినుకొండ నుంచి ఒక ఎదురు స్వరం

ఒంగోలు నుంచి విస్తరించిన ఈ మిషను 1880ల తొలి భాగంలో వినుకొండలో కేంద్రం తెరిచింది. ఆ వినుకొండలోనే 1895లో గుర్రం జాషువ జన్మించాడు. వెల్లంపల్లి తరంవారి మనుమల తరం ఆయనది. 1941లో వెలువడిన ‘గబ్బిలం’లో ఆకలిగొన్న అరుంధతీసుతుడు తన గోడును గబ్బిలం ద్వారా కాశీలోని శివుడికి విన్నవించుకుంటాడు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి ఫిర్యాదును శివుడికి పంపడం చూసి క్రైస్తవ పెద్దలు కొందరు ఆక్షేపించారు. పైకులాల పండితులు ఎలాగూ దగ్గరికి రానివ్వలేదు. అదే కవి తరువాత ‘క్రీస్తు చరిత్ర’ రాసి, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు.

జాషువ కవిత్వంలోని ఆగ్రహాన్ని, ఒంగోలు విశ్వాసుల ఆనందాన్ని పరస్పర విరుద్ధంగా చూడటం విమర్శలో అలవాటైంది. విశ్వాసి ఓర్చుకుంటాడు, కవి ప్రశ్నిస్తాడు అన్న విభజన అది. బైబిలులోని కీర్తనల గ్రంథం ఈ విభజనను సమర్థించదు. అందులో స్తుతి ఎంత ఉందో విలాపమూ ఇంచుమించు అంత ఉంది. దేవుణ్ణి నిలదీసిన గొంతే దేవుణ్ణి కీర్తించింది. ఆదివారం పనికి రామన్న 1860ల నాటి మాదిగలు ఓర్చుకున్నవారు కారు. వారి ఆనందంలో ఒక నిరాకరణ ఉంది. అయితే తరువాతి కాలపు బోధలో ఆ నిరాకరణ పలుచబడి, ఓర్పు మాత్రమే మిగిలిన సందర్భాలు లేకపోలేదు. మిషను బంగళా, ఆసుపత్రి, పాఠశాల స్థిరపడి, సంఘం ఒక సంస్థగా మారే క్రమంలో, కష్టంలో ఆనందించమన్న మాట కష్టపడేవాడు చెప్పుకునే మాటగా కాక, కష్టపడేవాడికి చెప్పే మాటగా కూడా మారింది. అరుంధతీసుతుడు గబ్బిలాన్ని పిలిచింది ఆ మార్పు జరిగిన తరువాతి రోజుల్లో.